ఎపిడ్యూరల్ లేకుండా తొలి కాన్పు: నొప్పులు అసలు ఎలా ఉంటాయో కన్నవాళ్లు చెప్పండి

కేఆర్‌పురం అమ్మాయి:

అందరికీ నమస్తే. మాది ప్రొద్దుటూరు. పెళ్లయ్యాక నాలుగేళ్లుగా బెంగళూరులో కె.ఆర్.పురం దగ్గర ఉంటున్నాం. నాకిది తొలిచూలు, మొన్న ఆదివారానికి 34 వారాలు నిండాయి. పుట్టింట్లోనే పురుడు పోస్తానని అమ్మ పట్టుబట్టింది కానీ, చెకప్‌లన్నీ మొదటినుంచీ ఇక్కడ ఒకే డాక్టర్ దగ్గర అయ్యాయి. చివర్లో మార్చడం ఇష్టంలేక అమ్మనే ఇక్కడికి రమ్మన్నాను. వచ్చే నెల మొదట్లో వస్తుంది.

పోయిన చెకప్‌లో డాక్టర్ గారు "నొప్పులప్పుడు ఎపిడ్యూరల్, అంటే నొప్పి తెలియకుండా వీపులో సూదితో ఇచ్చే మందు, కావాలా వద్దా, ఇంట్లో మాట్లాడుకుని రండి. కావాలంటే మత్తు డాక్టర్‌కి ముందే ఒకసారి చూపిద్దాం" అన్నారు. నాకు అది లేకుండానే కనాలని ఉంది. ఎవరో చెప్పారని కాదు. నా కాళ్లు నా స్వాధీనంలో ఉండాలి, లేచి తిరగాలి, బిడ్డ బయటికి వచ్చేటప్పుడు ఏం జరుగుతోందో నాకు తెలియాలి అని ఎందుకో గట్టిగా అనిపిస్తోంది. భయం కూడా ఉంది, దాచడం ఎందుకు. నెలసరి మొదటి రోజుకే మంచం దిగలేని మనిషిని నేను.

ఇంట్లో ఎవరిని అడిగినా సరైన జవాబు రావట్లేదు. అమ్మేమో "అదంతా అప్పుడే మర్చిపోయానే" అంటుంది. అత్తయ్య "మేమంతా కనలేదా" అంటారు. ఆఫీసులో ఒక అక్క "మందు ఉండగా ఆ బాధ పడటం ఎందుకు" అంటుంది. ముగ్గురూ నా మంచికే చెప్తున్నారని తెలుసు. కానీ నేను అడిగేది వేరు. ఆ నొప్పి ఎక్కడ మొదలవుతుంది, ఎలా పెరుగుతుంది, మధ్యలో తెరిపి ఉంటుందా లేక గంటల తరబడి ఒకటే నొప్పా, ఇక నావల్ల కాదు అనిపించినప్పుడు మీరేం చేశారు, పక్కన ఎవరున్నారు? యూట్యూబ్‌లో చూస్తే ఒకావిడ నీళ్ల టబ్బులో నవ్వుతూ కంటోంది, ఇంకో వీడియోలో అరుపులు వినలేక ఫోన్ పక్కన పెట్టేశాను. టెన్షన్ పెరగడం తప్ప ఏమీ తెలియలేదు. బెంగళూరులో కన్నవాళ్లయితే ఆసుపత్రిలో ముందే ఏమేం అడగాలో కూడా చెప్పండి. ఆసుపత్రి పేర్లు వద్దు.


మారతహళ్ళి, ఇద్దరు పిల్లల తల్లి:

చెల్లీ, నేను రెండుసార్లూ ఎపిడ్యూరల్ లేకుండానే కన్నాను, రెండూ ఈ ఊళ్లోనే, కానీ ఆ రెండు కాన్పుల నొప్పులకీ పోలికే లేదు. అందుకే రెండూ చెప్తాను. పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదువు.

మొదటిది 2017లో. తేదీ దాటి మూడు రోజులైందని చేర్చుకుని నొప్పులు రావడానికి రాత్రి జెల్ పెట్టారు, పొద్దున్నే నొప్పులు పెంచే డ్రిప్ ఎక్కించారు. డ్రిప్ మొదలయ్యాక గంటన్నరలో నొప్పులు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. నువ్వు అడిగావే తెరిపి అని, అది నాకు చివరి నాలుగు గంటలు ఇంచుమించు లేదు. పొట్టకి బెల్టు కట్టి బిడ్డ గుండె కొట్టుకోవడం చూస్తున్నారు, దాంతో మంచం దిగనివ్వలేదు, వెల్లకిలా పడుకునే ఉన్నాను. మా ఆయన్ని లోపలికి రానివ్వలేదు. ఎపిడ్యూరల్ కావాలని నేనే అడిగాను, మత్తు డాక్టర్ వేరే ఆపరేషన్‌లో ఉన్నారన్నారు, వచ్చేసరికి టైం దాటిపోయింది. అంటే నేను కోరుకుని మందు లేకుండా కనలేదు, అలా జరిగిపోయింది. ఒక సిస్టర్ "అరవకండి, అందరూ కంటున్నారు" అంది. ఆ నొప్పి ఇప్పుడు గుర్తు లేదు కానీ ఆ మాట మాత్రం గుర్తుంది. బాబు బాగానే పుట్టాడు. కింద కోత పెట్టారు, కుట్లు వేశారు. రెండో బిడ్డ మాటెత్తితే చాలు, రెండేళ్లపాటు ఒళ్లు జలదరించేది.

రెండోది 2021. ఈసారి వేరే ఆసుపత్రి, వేరే డాక్టర్. నొప్పులు వాటంతట అవే వచ్చాయి. రాత్రి పదకొండుకి దోసెల పిండి గ్రైండర్‌లో తిరుగుతోంది, పొత్తికడుపులో సన్నగా పట్టేసినట్టు అయింది. నెలసరి నొప్పి లాగే ఉంటుంది మొదట్లో, నడుం నుంచి మొదలై ముందుకి చుట్టుకొస్తుంది. దొంగ నొప్పులేమో అనుకుని పిండి గిన్నెలోకి తీసి, గ్రైండర్ కడిగి పెట్టి పడుకున్నాను. నిద్ర పట్టలేదు. ఒంటిగంటకి పది నిమిషాలకోసారి, రెండున్నరకి ఆరేడు నిమిషాలకోసారి. నొప్పి వచ్చినప్పుడు వంటింటి గట్టు పట్టుకుని ముందుకి వంగి నిలబడి నడుం అటూ ఇటూ ఊపేదాన్ని, అది పోగానే మామూలు మనిషినే. నీళ్లు తాగాను, రెండు ఇడ్లీలు తిన్నాను, పెద్దవాడికి దుప్పటి కప్పి వచ్చాను. ఒక్కో నొప్పి నిమిషం, అంతే. మెల్లగా ఎక్కుతుంది, నడిమధ్యలో ఒక ఇరవై సెకన్లు గట్టిగా పిండేస్తుంది, మళ్లీ దిగిపోతుంది. ఆ దిగడం మొదలైందని తెలిస్తే సగం భయం పోతుంది. మొదటి కాన్పులో నాకు ఆ దిగడమే కనిపించలేదు.

అయిదు నిమిషాలకోసారి, నిమిషం చొప్పున, గంటసేపు అలాగే వస్తే బయల్దేరమన్నారు మా డాక్టర్. నాలుగుంపావుకి కారెక్కాం. ఆ టైంలో రింగు రోడ్డు ఖాళీనే కానీ, ప్రతి స్పీడ్ బ్రేకరూ నాకు లెక్క తెలుసు. వెళ్లేసరికి గర్భసంచి ముఖద్వారం 6 సెంటీమీటర్లు తెరుచుకుంది, 10 అయితే పూర్తిగా తెరుచుకున్నట్టు.

అక్కడ నన్ను పడుకోబెట్టలేదు. గంటకోసారి కాసేపు బిడ్డ గుండె చూసి వదిలేసేవాళ్లు. నడిచాను, బాత్రూంలో ప్లాస్టిక్ స్టూల్ మీద గోడవైపు తిరిగి కూర్చున్నాను, మా ఆయన బకెట్లో వేడినీళ్లు పట్టుకుని మగ్గుతో నా నడుం మీద పోస్తూనే ఉన్నాడు. ఒక్కో నొప్పికి నాలుగైదు మగ్గులు. షర్టు మొత్తం తడిసిపోయింది. ఆయన చెయ్యి ఆపితే నేను వెనక్కి చూడకుండానే "పొయ్యి, పొయ్యి" అని అరిచేదాన్ని. ఏ మందూ చెయ్యని పని ఆ వేడినీళ్లు చేశాయని నేను ఒట్టేసి చెప్పగలను.

సిస్టర్ కన్నడ ఆవిడ. నాకు కన్నడ ఏదో కూరగాయల బేరానికి సరిపోయేంత వచ్చు. ప్రతి నొప్పికీ నా భుజం మీద చెయ్యి వేసి "ఉసిరు బిడి, ఉసిరు బిడి" అనేది. ఊపిరి వదులు అని. మనకి ఉసురంటే ప్రాణం కదా, ఆ స్థితిలో నాకు ప్రాణం వదిలెయ్యమంటోందేమో అన్నట్టే వినిపించింది, ఆ తర్వాత అర్థమైంది. పెదాలు వదులుగా పెట్టి ఊదితే కిందంతా వదులవుతుంది. పళ్లు బిగిస్తే కిందంతా బిగుస్తుంది. ఇది చేసి చూడు, ఇప్పుడే చేసి చూడు, నీకే తెలుస్తుంది.

ఇక కష్టమైన భాగం, దాచను. 8 నుంచి 10 సెంటీమీటర్ల మధ్య ఒక ముప్పావు గంట. చలిజ్వరం వచ్చినట్టు కాళ్లు వణికాయి, వాంతి అయింది, "నన్ను ఆపరేషన్‌కి తీసుకెళ్లండి, నావల్ల కాదు" అని నిజంగానే అన్నాను. అప్పుడు మా డాక్టర్ "ఈ మాట అన్నారంటే దగ్గర పడ్డట్టే" అన్నారు. పావుగంటలో ముక్కాలనిపించింది. అది మనం తెచ్చుకునేది కాదు, ఒళ్లే ముక్కేస్తుంది, ఆపమన్నా ఆగదు. చిత్రంగా ఆ దశలో నొప్పి తగ్గినట్టు ఉంటుంది, ఎందుకంటే చెయ్యడానికి ఒక పని దొరుకుతుంది. తల బయటికి వచ్చేటప్పుడు మాత్రం చర్మం సాగిన చోట మిరపకాయ రుద్దినట్టు మంట. ఆ రెండు నిమిషాలు ముక్కొద్దు, ఊదమన్నారు, ఊదాను, మెల్లగా జారింది. పాపని తుడిచి నేరుగా నా గుండెల మీద వేశారు, బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగేదాకా కొయ్యలేదు. కోత లేదు, చిన్న చీలిక, రెండు కుట్లు.

అడగాల్సినవి: లోపలికి ఒక మనిషిని రానిస్తారా, నొప్పుల్లో నడవనిస్తారా, బిడ్డ గుండె ఎప్పుడూ బెల్టు కట్టే చూస్తారా లేక మధ్యమధ్యలో చూస్తారా, కోత అందరికీ పెడతారా అవసరమైతేనా. చివరి ప్రశ్నకి వాళ్లు చెప్పే జవాబు కన్నా చెప్పే తీరు చూడు. విసుక్కున్నారంటే అర్ధరాత్రి ఇంకా విసుక్కుంటారు.


హెచ్ఎస్ఆర్ లేఅవుట్ నుంచి:

నేను వద్దనుకుని వెళ్లి తీసుకున్నదాన్ని. రాత్రంతా నిద్రలేక 14 గంటల నొప్పులు పడ్డాక చూస్తే 4 సెంటీమీటర్లే. బిడ్డ వీపు నా వీపువైపు తిరిగి ఉందట, నొప్పంతా నడుంలోనే, మధ్యలో కూడా పూర్తిగా వదిలేది కాదు. అప్పుడు ఎపిడ్యూరల్ అడిగాను. వీపు వంచి కదలకుండా కూర్చోవడం కష్టమైంది, సూది చీమ కుట్టినట్టే ఉంది. ఇరవై నిమిషాల్లో నడుం కింద నొప్పి పోయింది, రెండు గంటలు నిద్రపోయాను, లేచేసరికి 9 సెంటీమీటర్లు. మామూలు కాన్పే అయింది. ఆ రెండు గంటల నిద్ర లేకపోతే నాకు ముక్కే ఓపిక ఉండేది కాదు.

ఇప్పటికీ ఎవరైనా "నేను ఏ మందూ లేకుండా కన్నాను" అంటే నా మొహంలోకి చూసి అంటున్నారేమో అనిపిస్తుంది. నీ గురించి కాదు చెల్లీ, నువ్వు చక్కగా అడిగావు. ఒక్కటే చెప్తున్నా, మత్తు డాక్టర్ చెకప్ మాత్రం చేయించుకుని ఉంచు. చేయించుకున్నంత మాత్రాన తీసుకోవాలని లేదు. చేయించుకోకపోతే మాత్రం, కావాల్సినప్పుడు ఆలస్యమవుతుంది.


లేబర్ రూమ్ సిస్టర్:

నేను చిత్తూరు జిల్లా నుంచి వచ్చి పన్నెండేళ్లుగా బెంగళూరులో లేబర్ రూమ్‌లోనే పనిచేస్తున్నాను. పైన మారతహళ్ళి అక్కతో ఆ మాట అన్న సిస్టర్ తరఫున ముందు క్షమాపణ అడుగుతున్నానండీ. మా దగ్గర కూడా ఒక్కరే ముగ్గుర్ని చూసుకోవాల్సిన రాత్రులు ఉంటాయి, అయినా ఆ మాట అనకూడదు.

తెరిపి గురించి అడిగారు. వాటంతట అవి వచ్చే నొప్పుల్లో తెరిపి తప్పకుండా ఉంటుంది, ఉండాలి కూడా. గర్భసంచి బిగిసినప్పుడు బిడ్డకు అందే రక్తం కాస్త తగ్గుతుంది, వదిలినప్పుడు మళ్లీ అందుతుంది. అంటే ఆ తెరిపి మీకెంత అవసరమో లోపల బిడ్డకీ అంతే అవసరం. అందుకే డ్రిప్ పెట్టినప్పుడు నొప్పులు మరీ దగ్గరగా వస్తే మేం డ్రిప్ తగ్గిస్తాం, అవసరమైతే ఆపేస్తాం. డ్రిప్ ఉన్నప్పుడు బిడ్డ గుండెని ఎక్కువసేపు గమనించక తప్పదు, అది మీ మంచికే. కానీ బెల్టు ఉన్నా పక్కకి తిరిగి పడుకోవచ్చు, చాలాసార్లు మంచం పక్కన నిలబడొచ్చు, కుర్చీలో కూర్చోవచ్చు. అడగండి. డ్రిప్ పెట్టాల్సి వస్తే ఎపిడ్యూరల్ విషయంలో మనసు మార్చుకోవడం తప్పేమీ కాదు, ఆ నొప్పి నిజంగానే వేరు.

తొలి కాన్పుకి టైం పడుతుందండీ. గంటకి ఒక సెంటీమీటరు తెరుచుకోవాలని పాత లెక్క ఒకటి ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆ లెక్క అందరికీ పనికిరాదని తేల్చేసింది. అసలు నొప్పులు 5 సెంటీమీటర్ల నుంచే లెక్క, తొలి కాన్పులో అక్కడి నుంచి పన్నెండు గంటల దాకా పట్టొచ్చు, ముక్కే దశ మూడు గంటల దాకా కావచ్చు. అందుకే 2 సెంటీమీటర్లకే వచ్చేసి "ఇంకా అవ్వలేదా" అని కంగారు పడొద్దు. నొప్పుల్లో నీళ్లు, తేలికైన తిండి తీసుకోవచ్చని, నచ్చిన భంగిమలో ఉండొచ్చని, పక్కన నచ్చిన మనిషి ఉండాలని, కోత అందరికీ మామూలుగా పెట్టకూడదని కూడా అందులోనే ఉంది. అడిగినవాళ్లకి ఎపిడ్యూరల్ ఇవ్వమని కూడా అందులోనే ఉంది, అది కూడా చదవాలి. మన దేశంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా కాన్పు గదిలోకి తోడుగా ఒక ఆడమనిషిని రానివ్వొచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. ప్రైవేటులో "రానివ్వం" అంటే ఎందుకో అడగొచ్చు.

ఎపిడ్యూరల్ గురించి రెండు అపోహలు రోజూ వింటాను. ఒకటి, జీవితాంతం నడుం నొప్పి వస్తుందని. సూది గుచ్చిన చోట కొన్నాళ్లు నొప్పి ఉండొచ్చు కానీ, తీసుకున్నవాళ్లకీ తీసుకోనివాళ్లకీ దీర్ఘకాలపు నడుం నొప్పిలో తేడా పరిశోధనల్లో కనిపించలేదు. బిడ్డని ఎత్తుకోవడం, వంగి పాలివ్వడం వల్ల వచ్చేదాన్ని దాని మీద వేస్తాం. రెండోది, దానివల్ల సిజేరియన్ అవుతుందని. అది కూడా తేలలేదు. ముక్కే దశ కొంత సాగుతుంది, కొందరికి జ్వరం రావొచ్చు, బీపీ పడిపోవచ్చు, ఒంటేలు గొట్టం అవసరపడొచ్చు, ఇవి నిజం. ప్లేట్‌లెట్లు బాగా తక్కువున్నవాళ్లకి, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకి ఇవ్వలేకపోవచ్చు, అందుకే ముందే చూపించుకోమనడం. మధ్యరకం దారి ఒకటుంది, గ్యాస్. నైట్రస్ ఆక్సైడ్ సగం, ఆక్సిజన్ సగం. నొప్పి మొదలవుతుండగానే మాస్కు మీరే పట్టుకుని పీల్చాలి, అర నిమిషంలో అందుతుంది, తీసేస్తే కొన్ని నిమిషాల్లో పోతుంది. నొప్పి పూర్తిగా పోదు, కాస్త దూరంగా జరిగినట్టు ఉంటుంది, కొందరికి తల తిరిగి వికారం వస్తుంది. అన్ని ఆసుపత్రుల్లో ఉండదు, ముందే కనుక్కోండి.

సిజేరియన్ల భయం కూడా మీ మనసులో ఉంటే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కర్ణాటకలో 31.5 శాతం, ఆంధ్రలో 42.4, తెలంగాణలో 60.7. ఊరు మారితేనే ఇంత తేడా ఉంటే అంతా తల్లి ఓర్పు మీదే ఉందని ఎలా అనగలం? డాక్టర్ ఎంతసేపు ఆగగలరన్నది కూడా చూసుకోవాలి.

ఇంట్లో ఆగడం మంచిదే కానీ ఇవి కనిపిస్తే గంటలు లెక్కపెట్టకుండా వచ్చేయండి: ఉమ్మనీరు పోవడం, అందులోనూ ఆకుపచ్చగా ఉంటే అసలు ఆలస్యం వద్దు, ఎర్రగా రక్తం కారడం, బిడ్డ కదలికలు తగ్గడం, కళ్లు మసకబారి తలనొప్పి, 37 వారాల ముందే నొప్పులు. వీటిలో దేనికీ వాట్సాప్‌లో సలహా అడగొద్దు.


కదిరి అవ్వ:

నేను మా కొడుకు దగ్గర ఎలక్ట్రానిక్ సిటీలో ఉంటాను, నా మనవరాలు నేను చెప్తుంటే టైపు చేస్తోంది. తల్లీ, మాకు ముగ్గురు. మొదటిది 1983లో మా ఊళ్లో ఇంట్లోనే. దూలానికి పాత చీర కట్టి దాన్ని పట్టుకుని గొంతుక్కూర్చోమనింది మంత్రసాని. పడుకోమని ఎవరూ అనలేదు. మా జేజి వెనకాల కూర్చుని తన మోకాళ్లతో నా నడుం అదిమి పట్టింది, పొద్దు వాలినాక మొదలైతే తెల్లారుజామున బిడ్డ. నొప్పి లేదని చెప్పను, చచ్చిపోతాననుకున్నాను. కానీ ఆ మోకాళ్లు కదల్లేదు.

ఆ మాట విని ఇంట్లో కనడమే గొప్ప అనుకోవద్దు. మూడోసారి బిడ్డ బయట పడినాక మాయ రాలేదు, రక్తం ఆగలేదు. ఎద్దులబండిలో రోడ్డుకి తెచ్చి, అక్కడి నుంచి జీపులో కదిరి ఆసుపత్రికి తీసుకుపోయినారు. రక్తం ఎక్కించినారు కాబట్టి ఈ రోజు నీతో మాట్లాడతాన్నాను. మా చిన్నత్త కూతురికి ఆ జీపు దొరకలేదు. ఆసుపత్రిలోనే కను, కానీ మీ అమ్మను వదలొద్దు. మర్చిపోయినాననే మాట నమ్మొద్దు. ఏ తల్లీ మర్చిపోదు, చెప్తే నువ్వు భయపడతావని చెప్పదు.


ఒక భర్త, వైట్‌ఫీల్డ్:

నా భార్యకి 36 వారాలు. ఆ వేడినీళ్ల సంగతి రాసిపెట్టుకున్నాను. మగవాళ్లం పక్కన నిలబడి ఏం చెయ్యాలో నిజంగా తెలియదు. ఇంకేం చెయ్యొచ్చు?


మారతహళ్ళి, ఇద్దరు పిల్లల తల్లి:

అన్నా, అరచేతిలో మణికట్టు వైపు భాగంతో నడుం కింద, పిరుదుల చీలిక పైన ఉండే చదునైన ఎముక మీద గట్టిగా నొక్కండి, రుద్దకండి. నొప్పి మొదలైనప్పుడు మొదలుపెట్టి పూర్తిగా దిగేదాకా వదలకూడదు. మీరు అనుకునేదానికి రెండింతలు గట్టిగా నొక్కాలి. రెండు గంటలకి మీ మణికట్టు పడిపోతుంది, కొబ్బరినూనె సీసా, టెన్నిస్ బంతి ఒకటి సంచిలో పెట్టుకోండి. నొప్పిలో ఉండగా ప్రశ్నలు అడగొద్దు. నీళ్లు కావాలా అని అడగకుండా స్ట్రా నోటి దగ్గర పెట్టండి. ముట్టుకోవద్దంటే చెయ్యి తీసేసి అక్కడే ఉండండి, బాధపడి బయటికి వెళ్లిపోవద్దు. ఫోన్ మీ అత్తగారికిచ్చి రండి.


కేఆర్‌పురం అమ్మాయి:

అందరికీ చెప్పాలని రాస్తున్నాను. పాప పుట్టి ఈరోజుకి తొమ్మిది రోజులు. 39 వారాల 2 రోజులకి, 2.9 కిలోలు. ఎపిడ్యూరల్ లేకుండానే. ఒక చేత్తో టైపు చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

తెల్లవారుజామున మూడింటికి మంచం మీదే ఉమ్మనీరు పోయింది. సిస్టర్ గారి పోస్టు గుర్తుండి ముందు రంగు చూశాను, తెల్లగానే ఉంది, ఆసుపత్రికి ఫోన్ చేసి వెళ్లిపోయాం. నొప్పులు ఆరుకి మొదలయ్యాయి. డ్రిప్ పెడతారేమోనని భయపడ్డాను, కొన్ని గంటలు చూద్దామన్నారు, ఈలోపే వాటంతట అవి పెరిగాయి. లోపలికి ఒకరికే అనుమతి, కానీ మనుషులు మారొచ్చన్నారు. మధ్యాహ్నం దాకా మా ఆయన ఉన్నారు, తర్వాత అమ్మ వచ్చింది.

నెలసరి నొప్పితో పోల్చి భయపడ్డాను కదా, అది నాకు ఇలా ఉపయోగపడింది: ఆ నొప్పి రోజంతా వదలదు, ఇది వదులుతుంది. మూడు నిమిషాలకోసారి వస్తున్నప్పుడు కూడా మధ్యలో నేను రెండుసార్లు కునుకు తీశానంటే నమ్ముతారా, తల అమ్మ భుజం మీద పెట్టి. అక్క చెప్పినట్టు దిగడం మొదలయ్యే క్షణం కోసమే చూసేదాన్ని. నాకు మాత్రం వేడినీళ్లు నచ్చలేదు, ఎవరు మాట్లాడినా చిరాకు, చీకటి కావాలనిపించింది. సిస్టర్ ఒక లైటు ఆర్పేశారు, అదే పెద్ద సహాయం.

అమ్మ గురించి చెప్పాలి. మర్చిపోయానన్న మనిషి లోపలికి వచ్చీ రాగానే కొంగు నడుముకి దోపుకుని, నన్నేమీ అడక్కుండా సరిగ్గా అక్కడే, ఆ ఎముక మీదే చెయ్యి పెట్టింది. నేను ఎవరి పోస్టూ తనకి చూపించలేదు. నొప్పికి నొప్పికి మధ్య మెల్లగా, నన్ను కన్నప్పుడు కరెంటు పోయిందని, లాంతరు పట్టుకున్న ఆయమ్మ చెయ్యి వణుకుతుంటే తనే ధైర్యం చెప్పిందని, మొదటిసారి చెప్పింది. ముప్పై ఏళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. అవ్వా, మీరన్నది నిజం.

8 సెంటీమీటర్ల దగ్గర నేను కూడా ఎపిడ్యూరల్ అడిగాను. మత్తు డాక్టర్ చెకప్ అయి ఉంది కాబట్టి డాక్టర్ గారు కాదనలేదు, పెట్టి పనిచెయ్యడానికి అరగంట పడుతుంది, పిలవమంటారా అన్నారు. రెండు నొప్పులు చూసి చెప్తానన్నాను. అడిగితే దొరుకుతుందని తెలియడమే నాకు ఆ రెండు నొప్పులూ దాటించింది. మూడోదానికి ముక్కాలనిపించింది. నలభై నిమిషాలు ముక్కాను. మంట అక్క చెప్పినట్టే ఉంది. నేను ఊహించనిది కుట్లు, మొద్దుబారడానికి ఇచ్చిన ఇంజెక్షన్ ఉన్నా లాగుతున్నట్టు తెలుస్తూనే ఉంది, ఎనిమిది నిమిషాలు పట్టింది, ఆ ఎనిమిది నిమిషాలూ పాప నా మీదే ఉంది కాబట్టి సరిపోయింది. హెచ్ఎస్ఆర్ అక్కా, చెకప్ మాట మీరు చెప్పకపోతే చేయించుకునేదాన్ని కాదు.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. మూడు కుట్లు పడ్డాయి, కూర్చుంటే ఇప్పటికీ లాగుతోంది, అమ్మ పీట మీద కూర్చోబెట్టి సాంబ్రాణి పొగ వేస్తానంటోంది. మీకు ఎన్నాళ్లకి తగ్గింది?


లేబర్ రూమ్ సిస్టర్:

చాలా సంతోషమండీ. కుట్లు రెండు మూడు వారాల్లో మానతాయి, దారం దానంతట అదే కరిగి రాలిపోతుంది. కడిగి ఆరబెట్టుకోండి, గోరువెచ్చటి నీళ్ల టబ్బులో రోజుకి రెండుసార్లు పది నిమిషాలు కూర్చోండి, పక్కకి పడుకుని పాలివ్వండి. నీళ్లు, పీచు ఉన్న తిండి బాగా తీసుకోండి, మలబద్ధకం రానివ్వొద్దు. సాంబ్రాణి పొగ కుట్లకి వద్దు, పాప ఉన్న గదిలో అసలు వద్దు, అమ్మగారికి నేను చెప్పానని చెప్పండి. వాసన వచ్చినా, చీము కనిపించినా, జ్వరం వచ్చినా, నొప్పి తగ్గకుండా పెరిగినా చెకప్ తేదీ దాకా ఆగకుండా చూపించుకోండి.